గొంతులో గరగర, నోట్లో గోళీ



ఆషాఢంలో లష్కర్ బోనాలు అయిన మర్నాడు సికింద్రాబాద్‌లో ఏ మెడికల్ షాపు ముందు కాసేపు నిలబడినా ఒకటే మాట వినిపిస్తుంది. "అన్నా, గొంతు పట్టుకున్నది. చప్పరించే గోళీ ఏమన్నా ఇయ్యి." ఆదివారం తెల్లవారకముందే ఉజ్జయినీ మహంకాళి గుడి బాటలో వరస కట్టి, డప్పుల హోరులో పక్కవాళ్ళకు వినబడాలని కేకలేసి, ముసురులో తడిసి, రాత్రి పొద్దుపోయేదాకా జాతరలో తిరిగిన మనిషికి సోమవారం రంగం అనే తంతులో భవిష్యవాణి వినే వేళకు గొంతు పెగలదు. నిజానికి ఈ జాతర పుట్టిందే రోగభయంలోంచి. 1813లో జంటనగరాల్లో కలరా ప్రబలినప్పుడు, పటాలంలో డోలీ మోసే సురటి అప్పయ్య ఉజ్జయినిలో అమ్మవారికి మొక్కుకున్నాడనీ, తిరిగొచ్చి 1815లో ఇక్కడ ప్రతిష్ఠ చేశాడనీ లష్కర్ వాళ్ళు చెప్పుకుంటారు. అప్పటి కలరా ముందు ఇప్పటి గొంతు గరగర ఎంతనుకోండి. అయినా పట్టుకున్నవాడికి తెలుస్తుంది దాని బాధ.

ఇక మార్గశిరం, పుష్యం వచ్చాయంటే కంటోన్మెంటు వైపు పొద్దున పూట మంచు, చలి. బడి నుంచి పిల్లలు జలుబు తెస్తారు, వాళ్ళ నుంచి ఇంట్లో అమ్మమ్మ దాకా వెళుతుంది. స్టేషన్ బయట సవారీ కోసం పిలిచే ఆటో డ్రైవర్లకూ, మొండా మార్కెట్‌లో ధర అరిచి చెప్పే కూరగాయల వాళ్ళకూ, వెనక బెంచీదాకా వినబడేలా పాఠం చెప్పే టీచర్లకూ కాలంతో పనిలేదు. వాళ్ళ జేబులో గోళీ ఏడాది పొడుగునా ఉంటుంది.

ఆ గోళీ గురించే ఈ పూట ప్రసంగం. నేను దానికి శత్రువును కానని ముందే చెప్పేస్తున్నాను. మైకు ముందుకు వచ్చేముందు నేనూ ఒకటి చప్పరించే వచ్చాను. నోట్లో పెట్టుకుని మాట్లాడితే ఆ చప్పుడంతా మీ ఇళ్ళల్లోకి వస్తుంది కాబట్టి తలుపు దగ్గరే ముగించాను. నేను చెప్పదలుచుకున్నది ఒకటే: గోళీ పని మనకు ఊరట ఇవ్వడం, అంతవరకే. రోగం తగ్గేది మన ఒంటి శక్తితో, నాలుగు రోజుల కాలంతో. ఆ సంగతి మరిచిపోయినప్పుడే రెండు రకాల తప్పులు జరుగుతాయి. గోళీ మీదే భారం వేసి చూపించుకోవాల్సిన రోగాన్ని దాచిపెట్టడం ఒకటి. గోళీ పనిచెయ్యలేదని ఆదరాబాదరాగా యాంటీబయాటిక్ కొనుక్కుని మింగడం ఇంకొకటి.

గొంతు నొప్పిలో అత్యధిక భాగం వైరస్‌ల వల్ల వచ్చేదే, జలుబు తెచ్చే వైరస్‌లే ఇక్కడా. గొంతు నొప్పి అంటూ డాక్టరు దగ్గరికి వెళ్ళిన పెద్దవాళ్ళు 100 మంది ఉంటే, అందులో స్ట్రెప్టోకాకస్ అనే బ్యాక్టీరియా ఉండేది 5 నుంచి 15 మందికే. పిల్లల్లో 20 నుంచి 30 మంది దాకా ఉండొచ్చు. మందూ మాకూ లేకుండా వదిలేసినా 100 మందిలో 82 మందికి వారం తిరిగేసరికి నొప్పి పోతుందని కోక్రేన్ సంస్థ వాళ్ళు ఎన్నో పరీక్షలను కలిపి చూసి తేల్చారు. వైరస్ ఒక్కటే కాదు; దుమ్ము, సిగరెట్టు, అరుపులు కూడా గొంతును ఒరిపిడి పెడతాయి. అర్ధరాత్రి దాటాక బిర్యానీ తిని వెంటనే పడుకుంటే కడుపులోని పులుపు పైకి ఎగదన్ని గొంతు దాకా వస్తుంది. తెల్లారి లేచి "జలుబు చేసినట్టుంది" అంటారు. జలుబు పాపం ఏమీ చెయ్యలేదు.

ఇప్పుడు గోళీలో ఏముందో చూద్దాం. పాన్ డబ్బాలో సీసాలోంచి తీసి ఇచ్చే విక్స్ గోళీ, హాల్స్ గోళీల అసలు సరుకు మెంథాల్, అంటే పుదీనా జాతి మొక్క నూనెలోంచి తీసిన చల్లదనం. ఆ మొక్కను ఉత్తరప్రదేశ్‌లో బారాబంకి చుట్టుపక్కల పొలాలకు పొలాలే వేస్తారు. సహజ మెంథాల్‌లో ప్రపంచానికి పెద్ద సరఫరాదారు మన దేశమే. 

ఈ మెంథాల్ చేసే పని చిత్రమైనది. అది గొంతును చల్లబరచదు. థర్మామీటరు పెట్టి చూస్తే ఒక్క డిగ్రీ కూడా తగ్గదు. మన నోట్లో, గొంతులో, ముక్కులో చలిని పసిగట్టే నరాల కొసలున్నాయి. వాటి మీద టీఆర్పీఎం8 అనే గ్రాహకం ఉంటుంది. చల్లగాలి తగిలితే అది మెదడుకు కబురు పంపుతుంది. మెంథాల్ తగిలినా అదే కబురు పంపుతుంది. మెదడుకు తేడా తెలియదు. గుంటూరు మిరపకాయ కొరికినప్పుడు నోరు మండేదీ ఇలాగే. అక్కడ వేడిని పసిగట్టే మరో గ్రాహకం మోసపోతుంది, మంటా లేదు నిప్పూ లేదు. మిరపకాయ గుట్టును 1997లో అమెరికాలో డేవిడ్ జూలియస్ బృందం పట్టుకుంది. 2002లో మెంథాల్ గుట్టును ఆయనా, ఆర్డెమ్ పటాపుటియన్ అనే మరో శాస్త్రవేత్తా విడివిడిగా కనిపెట్టారు. 2021లో ఇద్దరికీ వైద్యశాస్త్రంలో నోబెల్ వచ్చింది. పాన్ డబ్బా గోళీకీ మన ఆవకాయకూ నోబెల్ బహుమతిలో వాటా ఉందన్నమాట! విషయమేమిటంటే, ఆ చల్లదనం సందడిలో నొప్పి కబురు కాసేపు వెనకబడుతుంది. ముక్కు తెరుచుకున్నట్టు అనిపిస్తుంది గానీ వాపు అలాగే ఉంటుంది.

ఈ మెంథాల్, కర్పూరం, నీలగిరి తైలం కూటమి ఒక్క విదేశీ కంపెనీల సొత్తేం కాదు. మన ఊరికి సొంత మందు ఉంది. 1920లో హకీం మొహమ్మద్ మొయిజుద్దీన్ ఫారూఖీ తయారుచేసిన జిందా తిలిస్మాత్. అంబర్‌పేటలో దాని కార్ఖానా. సీసా మీద నిజాం కాలపు ఆఫ్రికన్ సిద్దీ సైనికుడి బొమ్మ. నీలగిరి తైలం, కర్పూరం, మెంథాల్, వాము సత్తు, ఎర్రరంగు కోసం రతన్‌జోత్ వేరు. జంటనగరాల్లో మూడు తరాలుగా గొంతు పట్టేస్తే వేడి చాయ్‌లోనో వేడినీళ్ళలోనో రెండు మూడు చుక్కలు వేసుకుని తాగుతున్నారు. జిందా తిలిస్మాత్ యూనానీ, విక్స్ ఆయుర్వేదం అని లేబుల్ వేరైనా లోపల చుట్టాలే. విక్స్ గోళీ మన దేశంలో ఆయుర్వేద మందుగానే అమ్ముడవుతుంది.

మెడికల్ షాపులో షీటుగా ఇచ్చే స్ట్రెప్సిల్స్, కాఫ్సిల్స్ వంటివి వేరే కోవ. స్ట్రెప్సిల్స్ 1958లో బ్రిటన్‌లో బూట్స్ కంపెనీ తెచ్చింది. అందులో రెండు యాంటీసెప్టిక్ మందులుంటాయి: డైక్లోరోబెంజైల్ ఆల్కహాల్ 1.2 మిల్లీగ్రాములు, ఎమైల్ మెటాక్రెసాల్ 0.6 మిల్లీగ్రాములు. గాజు పాత్రలో ఇవి క్రిములను చంపుతాయి, నిజమే. గొంతు లోపలి పొరల్లోకి చొరబడ్డ వైరస్ దాకా ఉమ్మిలో కరిగిన ఆ చిటికెడు మందు వెళ్ళి రోగాన్ని కట్టేస్తుందనుకోకూడదు. వాటికి కొంచెం మొద్దుబార్చే గుణం ఉంది, అందువల్ల నొప్పి తగ్గినట్టవుతుంది. బ్రిటన్‌లో వైద్య మార్గదర్శకాలు రాసే నైస్ సంస్థ 2018లో గొంతు నొప్పి గురించి చెప్పినప్పుడు ఇలాంటి గోళీలు నొప్పిని కొద్దిగా తగ్గించవచ్చు అన్నంతవరకే అంది. ఆ "కొద్దిగా" అన్నది గుర్తుపెట్టుకోండి. టీవీ ప్రకటనలో అది ఉండదు. మందేమీ కలపని మామూలు బిళ్ళ చప్పరించినా కొంత హాయి దొరుకుతుంది. ఏది చప్పరించినా ఉమ్మి ఊరుతుంది, ఎండిన గొంతు తడుస్తుంది. మందు చేసే పనిలో సగం ఊరే ఉమ్మే చేస్తుందని నా అభిప్రాయం.

మన పెద్దవాళ్ళు ఈ సంగతి చప్పరించే తెలుసుకున్నారు. పద్యనాటకాల వాళ్ళు స్టేజీ ఎక్కేముందు దుంపరాష్ట్రకం ముక్కో, లవంగమో, మిరియం గింజో బుగ్గన పెట్టుకునేవారు. కరక్కాయ ముక్క బుగ్గన పెట్టుకుని పడుకునే అలవాటు ఇప్పటికీ చాలా ఇళ్ళలో ఉంది. లవంగంలో యూజినాల్ ఉంటుంది. పంటి డాక్టర్లు మొద్దుబార్చడానికి వాడేది అదే. అతిమధురం కూడా గొంతుకు హాయే, కానీ రక్తపోటు ఉన్నవాళ్ళు దాన్ని రోజుల తరబడి చప్పరించకండి. అందులోని గ్లిసరైజిన్ బీపీ పెంచుతుంది, పొటాషియం తగ్గిస్తుంది. మూలిక కదా, ఏం చేస్తుందిలే అనుకోవడం నాకు నచ్చదు. పని చేసే వస్తువేదైనా పాడు చేసే శక్తి కూడా ఉన్నదే. తేనె మంచిదే, ఏడాది లోపు పసిబిడ్డకు మాత్రం నాకించకూడదు. కర్పూరం పిల్లలకు అందేచోట పెట్టకూడదు, కొంచెం మింగినా మూర్ఛ వచ్చే ప్రమాదం ఉంది. అన్నిటికన్నా చవకైనది గ్లాసు గోరువెచ్చని నీళ్ళలో అర చెంచా ఉప్పు వేసి పుక్కిలించడం. దీనికి ఏ కంపెనీ ప్రకటన ఇవ్వదు.

గోళీ వాడే పద్ధతి ఒకటుంది, చాలామంది అది పాటించరు. పటపట కొరికి మింగేస్తే డబ్బు దండగ. గొంతుకు చేరాల్సింది కడుపులోకి పోతుంది. నెమ్మదిగా కరగనివ్వాలి. అలాగని ఒకే బుగ్గన అరగంట ఉంచితే ఆ చోట చర్మం ఒరుసుకుపోతుంది, అటూ ఇటూ తిప్పుతుండాలి. కరిగిన వెంటనే నీళ్ళు తాగేస్తే చేసిన పని కడిగేసినట్టే. స్ట్రెప్సిల్స్ వంటివైతే రెండు మూడు గంటలకొకటి, రోజు మొత్తంలో 12కు మించకూడదు. అంతవరకు వెళ్ళారంటే గోళీతో సరిపోని నొప్పి అని అర్థం. అప్పుడు పారాసిటమాల్ మేలు, గొంతు నొప్పికి అది గోళీ కన్నా బాగా పనిచేస్తుంది. పెద్దవాళ్ళకు రోజుకు 4 గ్రాములు దాటకూడదు. జలుబు మాత్రల్లో కూడా పారాసిటమాల్ కలిసి ఉంటుంది కాబట్టి రెండూ కలిపి లెక్క వేసుకోండి.

షుగర్ ఉన్నవాళ్ళకు ఒక మాట. గోళీ బరువు దాదాపు రెండున్నర గ్రాములు, అందులో అత్యధిక భాగం చక్కెరే. రోజుకు ఎనిమిది చప్పరిస్తే నాలుగైదు చెంచాల పంచదార తిన్నట్టు. చాయ్‌లో చక్కెర మానేసి, "మందే కదా" అని గోళీలు చప్పరించేవాళ్ళు ఉన్నారు. షుగర్ ఫ్రీ రకాలు దొరుకుతాయి, అడిగి తీసుకోండి. అవి ఎక్కువైతే విరేచనాలవుతాయి, అది వేరే సంగతి.

చిన్నపిల్లలకు గోళీ వద్దు. ఆరేళ్ళ లోపు వాళ్ళకు స్ట్రెప్సిల్స్ వాడకూడదని తయారీదారులే రాస్తారు. అసలు భయం మందు గురించి కాదు. పరిగెడుతూనో నవ్వుతూనో ఉన్న పిల్లాడి నోట్లోంచి ఆ నున్నటి బిళ్ళ జారి శ్వాసనాళంలో పడితే నిమిషాల్లో ప్రాణం మీదికొస్తుంది. చిల్లర లేదని కిరాణా కొట్టువాడు ఇచ్చిన గోళీని చంటివాడి చేతిలో పెట్టే అలవాటు మానుకోండి. చిల్లర బాకీ ఉంచమనండి, రేపు తీసుకోవచ్చు.

ఈ గోళీలు డాక్టరు చీటీ లేకుండా ఎలా దొరుకుతాయని అనుమానం రావచ్చు. 1940 నాటి మందుల చట్టంలో చీటీ లేకుండా అమ్ముకునే మందులంటూ విడిగా ఒక తరగతి లేదు. ఫలానా మందులకు డాక్టరు చీటీ తప్పనిసరి అని షెడ్యూల్ హెచ్, షెడ్యూల్ హెచ్1 పేర్లతో జాబితాలున్నాయి. వాటిలో లేనివి మెడికల్ షాపులో చీటీ అడగకుండా ఇస్తారు. 1945 నిబంధనల్లో షెడ్యూల్ కె అని ఇంకొకటి ఉంది. 1000 మందికి మించని పల్లెల్లో దగ్గు బిళ్ళల వంటి ఇంటి మందులను లైసెన్సు లేకుండానే అమ్ముకోనిస్తుంది. మెడికల్ షాపు లేని ఊరివాళ్ళ అవస్థ చూసి పెట్టిన వెసులుబాటు అది. ఇక సికింద్రాబాద్ పాన్ డబ్బాలో విక్స్ ఉండటానికి కారణం, ఆయుర్వేద మందులు అమ్మడానికి లైసెన్సు అక్కర్లేకపోవడం. హాల్స్ అయితే మిఠాయి లెక్కలో పోతుంది.

అసలు గొడవ గోళీ దగ్గర లేదు, గోళీ పక్కన ఉంది. గొంతు నొప్పి అని షాపుకు వెళ్ళిన మనిషి గోళీల షీటు తీసుకుని, "ఇంకేమన్నా గట్టిది ఇయ్యన్నా, రేపు డ్యూటీ ఉంది" అంటాడు. వెంటనే మూడు అజిత్రోమైసిన్ మాత్రలు కాగితంలో చుట్టి వస్తాయి. అమ్మేవాడిది తప్పు, అడిగేవాడిది కూడా తప్పే. అజిత్రోమైసిన్ షెడ్యూల్ హెచ్ మందు. ప్రపంచ ఆరోగ్య సంస్థ జాగ్రత్తగా, తప్పనిసరైతేనే వాడమని పక్కన పెట్టిన యాంటీబయాటిక్‌ల గుంపులో ఉంది. వైరస్‌ను అది ఏమీ చెయ్యదు. మూడో రోజుకు గొంతు తగ్గుతుంది, ఎలాగూ తగ్గేదే, పేరు మాత్రం మాత్రకు వస్తుంది. మళ్ళీ ఏడాది మళ్ళీ అదే అడుగుతాడు. బ్యాక్టీరియా ఉన్నవాళ్ళూ లేనివాళ్ళూ అందరినీ కలిపి చూసిన పరీక్షల్లో యాంటీబయాటిక్ వాడితే నొప్పి తగ్గే గడువులో కలిసొచ్చింది సగటున 16 గంటలు. ఆ 16 గంటల కోసం ఒంట్లో ఉండే మామూలు బ్యాక్టీరియాకు మందును తట్టుకోవడం నేర్పుతున్నాం. రేపు నిజంగా న్యుమోనియా వస్తే మందు పనిచెయ్యకపోవచ్చు. యాంటీబయాటిక్ షీటు వెనక నిలువుగా ఎర్ర గీత ఉంటుంది; కేంద్ర ప్రభుత్వం 2016లో దాని గురించి ప్రచారం కూడా చేసింది. ఈసారి షీటు తిప్పి చూడండి. ఎర్ర గీత ఉంటే, చీటీ లేకుంటే, వెనక్కి ఇచ్చెయ్యండి.

మరి ఎవరికి యాంటీబయాటిక్ కావాలి? ఆ స్ట్రెప్టోకాకస్ ఉన్నవాళ్ళకు. ఇక్కడ మాత్రం అశ్రద్ధ పనికిరాదు. దగ్గూ జలుబూ లేకుండా హఠాత్తుగా జ్వరం, మింగుడు పడని నొప్పి, టాన్సిల్స్ మీద తెల్లటి చీము, మెడ ముందువైపు గ్రంథులు వాచి ముట్టుకుంటే నొప్పి. ఇవన్నీ కలిసి కనిపిస్తే, అందులోనూ ఐదు నుంచి పదిహేనేళ్ళ పిల్లల్లో కనిపిస్తే, గోళీ చప్పరించి కూర్చోకూడదు. గొంతు దానంతటది నయమవుతుంది గాని, రెండు మూడు వారాల తర్వాత కొందరికి మోకాలు, చీలమండ, మోచెయ్యి ఒకదాని తర్వాత ఒకటి వాచి నొప్పి పెడతాయి. దాన్ని కీళ్ళవాత జ్వరం అంటారు. క్రిమి మీదికి ఒళ్ళు తయారుచేసుకున్న సైన్యం పొరపాటున గుండె మీద పడుతుంది, కవాటాలు దెబ్బతింటాయి. ఆ తర్వాత ఏళ్ళ తరబడి మూడు వారాలకోసారి పెన్సిలిన్ ఇంజెక్షన్లు, కొందరికి గుండె ఆపరేషన్. సంపన్న దేశాల్లో దాదాపు కనుమరుగైన ఈ జబ్బు మన దేశంలో ఇంకా పోలేదు. గొంతు నొప్పి దశలోనే పెన్సిలినో, అమాక్సిసిలినో పది రోజులు వాడితే చాలు, చవకలో ఆగిపోతుంది. మూడో రోజు నొప్పి తగ్గింది కదా అని ఆపకూడదు.

ఇంకొకటి, కంఠసర్పి, ఇంగ్లీషువాళ్ళ డిఫ్తీరియా. అది పాత పుస్తకాల్లో జబ్బనుకునేరు. మన హైదరాబాద్‌లో మొన్నమొన్నటి దాకా ఏటా కేసులు నల్లకుంట ఫీవర్ ఆసుపత్రికి వచ్చాయి.  గొంతులో బూడిదరంగు పొర, మెడ వాపు, ఊపిరాడకపోవడం ఈ జబ్బు లక్షణాలు. టీకా ఉంది: పసితనంలో ఆరు, పది, పద్నాలుగు వారాలకు, తర్వాత ఏడాదిన్నర ప్రాంతంలో, ఐదారేళ్ళకు, పదేళ్ళకు, పదహారేళ్ళకు. మొదటి మూడూ వేయించి ఆ తర్వాతి బూస్టర్లు మరిచిపోయే ఇళ్ళు చాలా ఉన్నాయి. బడి వయసు పిల్లలకు ఈ జబ్బు రావడానికి అదొక కారణం.

పెద్దవాళ్ళకు: మాట బొంగురుపోయి మూడు వారాలైనా తేరుకోకపోతే, మింగేటప్పుడు ఒకవైపే నొప్పి ఉండి చెవిలోకి లాగుతుంటే, మెడలో గడ్డ తగులుతుంటే చెవి, ముక్కు, గొంతు డాక్టరుకు చూపించుకోవాలి. గుట్కా, బీడీ, సిగరెట్టు అలవాటున్నవాళ్ళు మరీ. గోళీ చప్పరిస్తూ మూడు నెలలు గడిపి, చివరికి రెడ్ హిల్స్‌లోని ఎం.ఎన్.జె. క్యాన్సర్ ఆసుపత్రి మెట్లెక్కేవాళ్ళ కథలు వినే ఉంటారు. ఉమ్మి కూడా మింగలేక కారిపోతుంటే, నోరు తెరవలేకపోతుంటే, ఊపిరి తీసుకుంటే ఈల వేసినట్టు శబ్దం వస్తుంటే ఇక వారాలు, రోజులు లెక్కపెట్టొద్దు; ముషీరాబాద్‌లో గాంధీ ఆసుపత్రి ఎమర్జెన్సీ రాత్రి పూట కూడా తెరిచే ఉంటుంది.

మామూలు గొంతు నొప్పికి గోళీ చప్పరించండి, ఉప్పునీళ్ళు పుక్కిలించండి, రెండు రోజులు తక్కువ మాట్లాడండి. జ్వరం మూడో రోజు కూడా ఉంటే, లేదా పిల్లలకు పైన చెప్పిన లక్షణాలు కనిపిస్తే, షాపులో మందు అడగకుండా మీ బస్తీ దవాఖానాకు వెళ్ళండి. 2018 నుంచి నగరంలో నడుస్తున్నాయవి. డాక్టరు చూస్తారు, డబ్బు తీసుకోరు. గొంతు నొప్పి ఎన్నాళ్ళ నుంచో, ఇప్పటికే ఏ మాత్రలు మింగారో దాచకుండా చెప్పండి, ఖాళీ అయిన షీటు ఉంటే అది కూడా వెంట తీసుకెళ్ళండి.